పై గాలి

"పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో గాలి లెక్క ఏది సార్?"

జూనియర్ అడిగిన ప్రశ్నకు గాలి మేష్టారు తలెత్తలేదు. తుఫాను హెచ్చరికల బల్ల దగ్గర ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటున్న ఆయనకి ఆఫీసు పెట్టుకున్న పేరది.

"లేదమ్మా. తెల్లవారుజామున నేను వదిలిన గాలి కొలిచే బెలూన్ ఆరు కిలోమీటర్ల దగ్గరే మూగబోయింది. ఆపైన సిగ్నల్ లేదు."

"ఇంకోటి వదులుదామా?"

"అది పైకెళ్లి లెక్కలు పంపేసరికి పది దాటుతుంది. పడవలు రేపటికి ఒడ్డు చేరాలంటే ఎనిమిదిలోపు పిలవాలి."

గోడ గడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది. కంప్యూటర్ తెర మీద తుఫాను తెల్లటి ముద్దలా ఉంది. దానికీ తీరానికీ మధ్య రెండు వందల పన్నెండు వేట పడవలు. అందులో ఒకదానిమీద మేష్టారి ఒక్కగానొక్క కొడుకు ఇంజన్ మెకానిక్. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తరు, అంతే.

జూనియర్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఒక్కసారి చూడండి సార్. పై మేఘాలు తూర్పుకి జారుతున్నట్టు లేవూ? కింద గాలి తుఫాన్ని పడమరకి నెడుతోంది. పై గాలి ఎదురుతిరిగి లాగిందంటే దీని తల ఒక దారి, మొండెం ఒక దారి. సముద్రం నుంచి తాగిన వేడంతా పక్కకి కారిపోతుంది. రేపటికి ఉత్త వాన మబ్బు."

"పాఠం బాగా అప్పజెప్పావు. చెప్పింది నేనేగా!"

"మరింకేం?"

"పై గాలికి అంత బలం ఉందని రుజువేది? బొమ్మ చూసి ఇన్ని ప్రాణాల మీద పందెం కాస్తావా? కాస్తానంటే, పడవల్ని పిలవక్కర్లేదని సంతకం నువ్వే పెట్టు."

ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది.

ఫోన్ మోగింది. రేవు అధికారి. మేష్టారు స్పీకర్ నొక్కాడు.

"మళ్లీనా మేష్టారూ! పోయినేడు రెండుసార్లు పడవల్ని వెనక్కి పిలిపించారు. రెండుసార్లూ చినుకు రాల్లేదు. వేట మొదలై వారమైనా కాలేదు, పడవలవాళ్లు నన్ను పచ్చిగా నమిలేస్తారు."

"తిట్లన్నీ నా పేరున పంపించెయ్యండి."

"నవ్వులాట కాదు. ఈసారి గురి తప్పితే మిమ్మల్ని ఆ బల్ల దగ్గర్నుంచి లేపేస్తారట. పెద్ద సారే అన్నారు."

"తెలుసు," అన్నాడు మేష్టారు.

ఏడూ యాభైకి హెచ్చరిక కాగితం మీద సంతకం పెట్టాడు. వైర్‌లెస్‌లో కబురు వెళ్లింది. అన్ని పడవలూ రేపు మధ్యాహ్నంలోపు ఒడ్డు చేరాలి.

మధ్యాహ్నం గంటసేపు ఇంటికెళ్లొచ్చాడు. ఆయన భార్య పోయాక అది ఒక్క మనిషి తిరిగే రెండు గదుల క్వార్టరు. వచ్చాక భుజం మీద బూజు చూసి జూనియర్ నవ్వింది.

"ఇల్లు దులిపారా సార్, ఇప్పుడు?"

"కిటికీల గడియలు చూసొచ్చా. గాలి గట్టిగా కొడితే రెండో గది తలుపులు ఆగవు."

సాయంత్రం బెలూన్ మాత్రం పైదాకా వెళ్లింది. పన్నెండు కిలోమీటర్ల దగ్గర పడమటి గాలి, పెను వేగం. జూనియర్ కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"విరిగిపోతోంది సార్! పిలుపు రద్దు చేద్దామా?"

"సగం దారి వచ్చేశారు. ఇప్పుడు మళ్లీ పొమ్మంటే, రేపు నిజం తుఫానుకి మన మాట విని ఎవడూ తిరగడు. రానీ."

మర్నాడు పొద్దుటికి తెర మీద తుఫాను లేదు. తల తెగి తూర్పుకి కొట్టుకుపోయింది. మిగిలింది నాలుగు మబ్బు పీలికలు.

పెద్ద సార్ ఫోన్ తొమ్మిదింటికి వచ్చింది. మేష్టారు ఎత్తాడు. జూనియరే రిసీవర్ లాక్కుంది.

"పై గాలి లెక్క అందలేదు సార్. కొడుకు సముద్రంలో ఉంటే ఎవరికైనా గుండె జారుతుంది. మనిషన్నాక..."

"ఆ జాలి కబుర్లు వద్దమ్మా. రేపట్నుంచి ఆ కుర్చీలో నువ్వు కూర్చో. ఆయన్ని వానలెక్కల రిజిస్టర్ రాసుకోమను."

మేష్టారు కళ్లద్దాలు తుడుచుకుని, డ్రాయర్ తాళంచెవి ఆమె ముందు పెట్టి, రేవుకి బయల్దేరాడు. రేవులో ఎత్తిన ప్రమాద సూచిక దించమనే కాగితం ఇవ్వాలని జూనియర్ కూడా వెంట వెళ్లింది.

రేవంతా ఎండ. పడవలు ఒక్కొక్కటే లోపలికొస్తున్నాయి. కరగని ఐసు నీళ్లలోకి పారబోస్తున్న ఓ పడవ యజమాని ఆయన్ని చూసి గొంతు పెంచాడు.

"ఏవండోయ్ మేష్టారూ, తుఫానెక్కడ? జేబులో గానీ పెట్టుకొచ్చారా?"

చుట్టూ జనం గొల్లున నవ్వారు. మేష్టారు వినిపించుకోలేదు. వచ్చే ప్రతి పడవ నంబరూ చదువుతున్నాడు. ఒంటిగంటకి చివరి పడవ వచ్చింది. అప్పుడు ఆయన ఫోన్ మోగింది. కొడుకు.

"ఎక్కడరా?... దక్షిణం రేవా? మీది ఈ రేవు పడవే కదరా... ఆహా, దగ్గరని వెళ్లారా... సాయంత్రమే మళ్లీ బయల్దేరుతున్నారా?... ఏం లేదు, ఊరికే అడిగా... తిన్నావా?... సరే, ఉంటా."

అవతల ఫోన్ పెట్టేశాక కూడా ఆయన చెయ్యి చెవి దగ్గరే ఉండిపోయింది.

"బాధపడకండి సార్," అంది జూనియర్. "అబ్బాయి క్షేమం. దానిముందు కుర్చీ ఎంత? మీ చోట నేనున్నా అదే చేసేదాన్ని."

"వాడు ఇంటికొచ్చి పద్నాలుగు నెలలైందమ్మా. వేట ఆగిన నెలల్లోనూ ఏదో రేవులో ఇంజన్ల పనంటూ ఉండిపోయాడు. వేట మొదలైతే సముద్రంలోనే సరుకు వేరే పడవకి ఎక్కించేసి మళ్లీ వేటకి పోతారు. ఎవరో పిలిస్తే తప్ప ఒడ్డు తొక్కరు."

"అందుకే మీకంత భయం."

మేష్టారు నీళ్లకేసి తిరిగాడు. ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాడు.

"నిన్న పొద్దుటి బెలూన్ పన్నెండు దాకా వెళ్లింది. తుఫాను విరిగిపోతుందని నాకు అప్పుడే తెలుసమ్మా."