నేను ఎంచిన రబ్బరు పడవ

అక్కా, తప్పులుంటే మన్నించు. నా రాత కోడిగీతలని నీకు తెలుసు.

సువర్ణరేఖ ఏట్లో ఇద్దరం షికారు చేద్దామని, గాలి పడవ కొనడానికి ఆయన నిన్న నన్ను పర్సుడీహ్ పాతసామాన్ల కొట్టుకు తీసుకెళ్లారు. అక్కడ రెండున్నాయి, పంపు లేదు. ఖైనీ పొగాకు నములుతూ కొట్టువాడు ఊదాడు. తర్వాత ఆయన ఊదారు. ఆ జిగట గొట్టమే నా నోటికి పెట్టారు.

“ఏటే చిలకా, ఆ మూతి? ఊదు!”

ఆ ఎంగిలి కొంగుతో తుడిచి నోట పెట్టుకున్నాను. ఊదాక మమ్మల్ని ఒక్కోదాంట్లో కూర్చోబెట్టి, సిగ్గు మాని నచ్చింది ఎంచుకోమంటూ కొట్టువాడు ఇకిలించాడు. “శరమ్ ఛోడో భాభీ, పసంద్ కరో!”

ఎర్రది శుభ్రంగా ఉంది. నీలందంతా పాచి, బొద్దింకల కంపు. నేను నీలందే చూపించాను.

“ఛీ, ఇదేటి నచ్చింది నీకు?” అంటూనే కొన్నారు.

ఇంటికొచ్చి ఊదితే గడప దాటకుండానే చప్పబడింది. రబ్బరు చివికింది, అతుకు నిలవదన్నాడు సైకిలు షాపువాడు. ఆయన కొట్టువాణ్ణి తిడుతూనే ఉన్నారు.

కొట్లో ఆ నీలందాంట్లో కూర్చున్నంతసేపూ, గాలి పోవడం తెలియకుండా, దాని చిరుగు మీద నా అరచెయ్యి ఉంది. ఏరు పొంగుతోంది. ఆయనకు ఈత రాదు, చెబితే వినరు.

ఎంత పుక్కిలించినా ఖైనీ కంపు పోలేదు. ఈ ఉత్తరం చదివి కాల్చెయ్యి.