డబ్బాకు బొమ్మ

"రేపు పొద్దున ఆంథోని బాబాయి కార్పెంటర్‌ను తోలుకొస్తుండు. తలుపు ఊడదీపిస్తడంట," అంది ఆరోగ్యమ్మ, కూతురి గది ముందు నుంచి ఎంగిలిపడని పళ్లెం తీస్తూ.

జోయెల్ లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. "ఒక్కరోజు ఆగమను అమ్మా. డబ్బ అయిపోవచ్చింది."

"నీ చెల్లె నెల నుంచి నోరు కట్టేసుకొని గదిల కూసుంది. నువ్వేమో ఆ చెక్కడబ్బకు పెండ్లిబట్టలు కొలుస్తున్నవ్. ఇద్దర్ని కంటినే, ఒక్కలకన్న సోయి ఉండొద్దా?"

ముందుగది మధ్యలో మనిషెత్తు డబ్బా నిలబడి ఉంది. ప్లైవుడ్ కోసి అతనే బిగించిన వీడియో గేమ్ డబ్బా. లోపల పాత కంప్యూటర్, ముందు జాయ్‌స్టిక్, ఆరు బటన్లు. చిన్నప్పుడు చెల్లెలు బ్లెస్సీని అన్నం దగ్గరికి కూడా రానివ్వని పడవ ఆట అందులో ఎక్కించాడు. ఇక పక్కలకు బొమ్మలు అంటించి, లైటు వేసి, తలుపు తట్టడమే మిగిలింది. ఆమె తనంతట తాను రావాలి. తలుపు ఊడదీస్తే మనిషి బయటికి వస్తుందేమో గానీ, బ్లెస్సీ ఇంకా లోపలికి పోతుందని అతని భయం.

తీరా బొమ్మ దగ్గర ఆగిపోయాడు. ఉచితంగా దొరికే, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు మూడు దించుకున్నాడు. గింప్‌లో సగం గీసి క్రిటాకు పోయాడు. అక్కడ సగం గీసి ఇంక్‌స్కేప్ తెరిచాడు. ఏది తెరిచినా మిగతా రెండే మంచివనిపించేవి. రాత్రంతా వీడియోలు చూసి, తెల్లారేసరికి మళ్లీ మొదటికి వచ్చేవాడు. ఈ రోజు గింప్‌లో గీసిన పడవను ఐదడుగులకు సాగదీస్తే గచ్చుపలకల్లా ముక్కలుముక్కలైంది.

తెలుగు డిజైనర్ల టెలిగ్రామ్ గ్రూపులో పరిచయమైన 'మింట్'కు ఆ బొమ్మ పంపాడు. ముఖం తెలియదు, ఊరు తెలియదు. వారం నుంచి అతని ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చేది ఆ మనిషి ఒక్కరే.

"బొమ్మ పగిలిపోయింది బ్రదర్. గింప్ పనికిరాదా?"

"తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు బ్రో. అరచేతంత గీసి గోడంత సాగదీస్తే ఎందులోనైనా అంతే. ఇంక్‌స్కేప్‌లో గీతలతో గీయండి. ఎంత పెంచినా చెదరదు."

"క్రిటాల రంగులు బాగుంటయంటున్నరు..."

"నిన్న కూడా ఇదే అడిగారు. మొన్న కూడా. మీకు సాఫ్ట్‌వేర్ దొరకట్లేదా, పూర్తి చేయాలని లేదా?"

జోయెల్ వేళ్లు ఆగిపోయాయి. ఎవరో గుండెలోకి చెయ్యి పెట్టి, అతను దాచుకున్నదాన్ని అతనికే చూపించినట్టయింది. మూసిన తలుపు వైపు చూశాడు. అవతల మంచం కిర్రుమంది.

"పూర్తయితే చెల్లె తలుపు కొట్టాలె బ్రదర్," అని టైప్ చేశాడు. "కొట్టినంక గూడ తియ్యకపోతే నా దగ్గర ఇంకేం లేదు. బొమ్మ కానంత సేపు, తీస్తదేమో అన్న ఆశన్న ఉంటది."

తరువాత రెండే మాటలు వచ్చాయి. "ముందు గీయండి."

ఇంక్‌స్కేప్ తెరిచాడు. మిగతా రెండూ మూసేశాడు. ఒక పడవ. పడవలో తెడ్డు ఎత్తి నిలబడ్డ పిల్ల. పైనుంచి రాలుతున్న చుక్కలు. తెడ్డు దగ్గర గీత వంకరపోయింది, దిద్దలేదు. వంకరపోయిన తెడ్డే పిల్ల చేతిలో బాగుందనిపించింది.

"ఏడింటికి స్టిక్కర్ షాపు కట్టేస్తరు," వంటింట్లోంచి తల్లి గొంతు వినిపించింది. ఇందాకటి కరుకుదనం అందులో లేదు. "పోతే జల్దీ పో. నీ డబ్బ బట్టల్లేకుండనే నిలవడ్తది లేకుంటే."

"అవ్ అమ్మా, అయిపోయింది."

"బాబాయికి ఫోన్ జేసిన. ఒక్కపూట గూడ ఆగనంటుండు. కార్పెంటర్ చాలడన్నట్టు తాను గూడ సాయంత్రం నుంచి బాడిస, సుత్తె అన్నీ సర్దుకుంటుండంట, పండుగకు పోయేటోని లెక్క."

తెర మీద డబ్బా పక్క పలక నెత్తి నుంచి నేల దాకా రంగులతో నిండింది. చోటు వదలకుండా నింపాడు. ఖాళీ కనిపిస్తే అందులోంచి భయం తొంగిచూస్తుందేమో అన్నట్టు నింపాడు. మింట్‌కు పంపి, కింద రాశాడు. "చివరిసారి చూడండి. తప్పుంటే చెప్పండి. ప్రింట్‌కు ఇచ్చేస్తున్న. పొద్దుగాల తలుపు ఊడదీస్తరు."

బండి తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. 'టైపింగ్' అని కనిపించింది. పోయింది. మళ్లీ కనిపించింది. మళ్లీ పోయింది. ఊరు పేరు లేని మనిషి కోసం తానింతగా ఎదురుచూడటం అతనికే వింతగా తోచింది.

ఫోన్‌లో మింట్ మెసేజ్ మోగింది.

"మస్తుందన్నయ్యా. కిందినుంచి రెండడుగులు మాత్రం ఖాళీగ ఉంచు. గోదారొస్తే మనింట్ల నీళ్లు గంత దాక వస్తయి కద."