ఏడు సీట్ల బండికి తీర్పు

షోరూం వాళ్ల కొత్త బండిలోని డీజిల్ పంపును తన పాత బండిలోకి మార్చేసుకోవాలని ఢిల్లీశ్వరరావు నిశ్చయించుకున్నది ఆ బండిని చూసిన తరవాత కాదు. కొత్త బండి పంపుతున్నామని టెక్కలి షోరూం నుంచి ఫోను వచ్చిన నిమిషంలోనే. ఆ పైన జరిగినదంతా ఆ తొందరలోంచే పుట్టింది.

అది 2003. ఉద్దానంలో ఏ కుటుంబం బండి కొనదలచినా ముందు దానిని ఢిల్లీశ్వరరావుకు చూపించడం ఆనవాయితీ. ఆయన ఏడుగురిని ఎక్కించుకుని కొబ్బరితోటల ఇసుకదారిలో ఒకసారి, మందస వైపు ఎత్తులో ఒకసారి నడిపి చూస్తాడు. "తీసుకోండి" అంటే తీసుకుంటారు. మాట్లాడకుండా తాళం తిరిగి ఇచ్చేస్తే ఆ బేరం అక్కడితో సరి. ఆ సంవత్సరం ఒక ఏడు సీట్ల బండి కొత్త హంగులతో వచ్చింది. నాలుగు కుటుంబాలు ఆయన మాట కోసం ఆగి ఉన్నాయి.

"మీ మాటే మాకు మొదటి మాట సార్. మూడు రోజులు మీ దగ్గరే ఉంచుకోండి," అని షోరూం మేనేజరు ప్రేమ్‌కుమార్ స్వయంగా తాళం తెచ్చి ఇచ్చాడు.

ఢిల్లీశ్వరరావుకు ఉన్నదీ ఆ బండే, పాత మోడలు. పలాస స్టేషనులో దిగే జీడిపప్పు వ్యాపారులను ధర్మారావు జీడి ఫ్యాక్టరీకీ, అక్కడినుంచి తోటలకూ తిప్పడం దాని పని. ఆయన ఇల్లు గడిచేది ఆ ఒక్క కిరాయి మీదే. అటువంటి బండి ఆ నెలలో రెండుసార్లు దారిలో ఆగిపోయింది.

"మూడోసారి ఆగిందంటే ఇంకో బండి పెట్టుకుంతాను ఢిల్లీ. మరేటనుకోకు," అన్నాడు ధర్మారావు.

పంపు అరిగిపోయి ఉంటుందని ఢిల్లీశ్వరరావు తనకు తానే తేల్చుకున్నాడు. ఊరందరి బండ్లకూ తీర్పు చెప్పే మనిషి తన బండిని మరొకరికి చూపించుకోవడం నామోషీ కదా.

కొత్త మోడలుకు దీపాలు మారాయి, ముందు జాలీ మారింది, చివరి వరుసకు కూడా ఏసీ గాలి వచ్చింది. ఇంజిను మాత్రం పాత మోడలుదే. కొనేవాళ్లకు చెప్పవలసిన మొదటి మాట అదే. చెప్పకూడదని ఆయన నిర్ణయించుకున్న మొదటి మాట కూడా అదే. దాని భాగాలు దీనికి అతుకుతాయని పదిమందికీ తెలిస్తే, రేపు అనుమానం నేరుగా ఆయన గుమ్మంలోకే వస్తుంది.

అయినా పరీక్ష జరగాలి గనుక జరిగింది. ప్లాస్టిక్ తొడుగులు ఇంకా విప్పని సీట్ల మీద ఏడుగురూ సర్దుకున్నారు. చివరి వరుసలో తల్లి బొడ్డమ్మ కూర్చుంది. సుమ్మాదేవి ఊరు దాటి ఎత్తు ఎక్కుతుంటే బండి మూలిగింది.

"ఒరే ఢిల్లీ, ఇది ఆయాసపడతంది రా," అంది బొడ్డమ్మ.

"కొత్తది కదమ్మా. ఇంకా సర్దుకోనేదు."

"కొత్తకోడలేటి, సర్దుకోడానికి?"

"నీకు సల్లగాలి తగుల్తందా, నేదా? అది సెప్పు."

"తగుల్తంది. గాలికేటి, మన జీడితోటలో కూకుంటే ఊరికినే తగుల్తాది."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. మరో రోజైతే అక్కడే ఆపి, బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి వినేవాడే. తీర్పు ముందే సిద్ధమైన రోజున సాక్ష్యం వినే ఓపిక ఎవరికి ఉంటుంది?

మర్నాడు మిట్టమధ్యాహ్నం రెండు బండ్లూ కాశీబుగ్గలో మెకానిక్ నూకయ్య షెడ్డులోకి వెళ్లాయి. నూకయ్య పనివాడు, అంతకుమించి నోరు మెదపని వాడు.

"ఇందులోది తీసి అందులో పెట్టు, అందులోది ఇందులో పెట్టు. ఎవులికీ తెలకూడదు," అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"ఒకల సంగతి ఇంకొకలికి నానెప్పుడైనా సెప్పేనా బావా?" అంటూ నూకయ్య పానా అందుకున్నాడు.

మూడో రోజున ఢిల్లీశ్వరరావు నాలుగు కుటుంబాలనూ పిలిచి, "ఇంజినుకు వంక పెట్టడానికి నేదు, తీసుకోండి," అన్నాడు. వాళ్లకు వచ్చేవి కంపెనీ నుంచి దిగే వేరే బండ్లు కనుక వాళ్లకు అన్యాయమేమీ జరగలేదని మనసుకు కూడా నచ్చజెప్పుకున్నాడు.

పదో రోజున ఆయన బండి ముగ్గురు వ్యాపారులతో మందస ఎత్తు మధ్యలో ఆగింది. వాళ్లు ఎండలో నడిచి వచ్చారు. మర్నాడు పలాస స్టేషను ముందు ధర్మారావు పెట్టుకున్న వేరే బండి నిలబడి ఉంది.

ఢిల్లీశ్వరరావు తిన్నగా నూకయ్య షెడ్డుకు వెళ్లాడు.

"నా కిరాయి పోయింది. కొత్త పంపు పది రోజులైనా నిలవనేదంటే ఏటి సేసేవు నూకయ్యా?"

"కొత్తదని నువ్వన్నావు బావా. నాననేదు."

"షోరూం బండిలోది పాతదెలాగవుద్ది?"

నూకయ్య చేతులు తుడుచుకున్నాడు. "నువ్వూ వాళ్లలో ఒకడివే గాబట్టి సెప్తన్నాను. నీకన్నా ముందు ఆ బండి సంతబొమ్మాళి పెద్దమనిషి దగ్గరుంది. ఆయనకన్నా ముందు టెక్కలాయన దగ్గరుంది. ఇద్దరూ నీలాగ బండ్లకి తీర్పు సెప్పేవోళ్లే. ఇద్దరూ ఇక్కడికే తెచ్చి నీలాగే పంపు మార్పించుకున్నారు, ఎవులికీ సెప్పొద్దన్నారు."

ఢిల్లీశ్వరరావు పాత టైరు మీద కూలబడ్డాడు. "కొత్తది టెక్కలాయన పట్టుకుపోయేడు. నాకొచ్చింది సంతబొమ్మాళోడి తుక్కు. మరైతే నా బండి ముందునుంచీ ఎందుకాగింది?"

"డీజిల్ ఫిల్టరు పూడిపోయి. పంపు మార్సమన్నావు, మార్సేను. రోగమేటని నన్నడిగితే కదా."

"నా పంపో?"

"షోరూం బండిలో సుబ్బరంగా ఉంది," అన్నాడు నూకయ్య. "మీ ముగ్గురి పంపుల్లోనూ ఏ రోగం నేనిది నీదొక్కటే బావా."