తల ఊపితే చాలు

“ఆకుపచ్చది వద్దు, ఇంకేదైనా ఇవ్వు,” అంది ముంగి.

“నీ వంకలు తగలెయ్య! రంగుక్కూడా పేచీయేనా?” అంటూ గదిలో ఉండే రెండో అమ్మాయి చున్నీని పెట్టెలో పడేసింది. హాస్టల్లో చేరి మూడు రోజులైనా కాలేదు, వాగుడుకాయకు లాయరమ్మ అనీ, నోరు విప్పనిదానికి ముంగి అనీ అప్పుడే పేర్లు పడిపోయాయి.

రేపటి నుంచే లా కాలేజీలో క్లాసులు. మొదటి వారమంతా ఒక్కొక్కరూ లేచి, కాగితం చూడకుండా ఒక పాత తీర్పు గురించి చెప్పాలి. రోల్ నంబర్ల వరసన పంచేశారు. తన వంతుకు వచ్చిన తీర్పు చూసినప్పటి నుంచి ముంగికి ముద్ద దిగడం లేదు. మార్చమని మేడమ్‌ను కాళ్లావేళ్లా పడి బతిమాలినా లాభం లేకపోయింది.

“ఏదీ, నేనే మేడమ్‌ని. కానియ్!” లాయరమ్మ మంచమెక్కి కూర్చుంది.

“ఒక వాచ్‌మన్. మూడో అంతస్తులో గొలుసు పోయింది. ఎనిమిదేళ్ల పిల్ల సాక్షి. ‘ఆకుపచ్చ చొక్కాలో మెట్లు దిగింది ఈయనేనా?’ అని వకీలు అడిగితే తల ఊపింది. ఆయన నాలుగేళ్లు జైల్లో...” ముంగి చేతిలోని కాగితం వైపు చూసింది.

“తర్వాత?”

“ఆ రోజు ఆ చొక్కా ఇస్త్రీ కొట్టులో ఉందని చీటీ దొరికింది. పైకోర్టు వదిలేసింది.”

“హవ్వ! మరి ఆ పిల్లకేం పుట్టింది?”

“పెద్దవాళ్లు నేర్పి తెచ్చారని రాశారు.”

“నేర్పితే మాత్రం? పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇదెవరో పెదవి కూడా కదపకుండానే మనిషిని జైలుకు పంపింది! పేరేంటి?”

“రాయలేదు. మైనరు కదా.”

“బతికిపోయింది. లేకపోతే నేనే వెతికి నాలుగు తగిలించేదాన్ని.”

ముంగి తల దించుకుంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. కాగితం మీద టపటపా రెండు చుక్కలు పడ్డాయి.

లాయరమ్మ గబుక్కున మంచం దిగింది. “ఏయ్, ఏడుస్తున్నావా? ఆకుపచ్చ పడదన్నావు... ముద్ద దిగట్లేదన్నావు...” ఆమె గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. “ఆ వాచ్‌మన్ మీ నాన్న కదూ?”

ముంగి ఉలిక్కిపడింది.

“పిచ్చిమొద్దూ! ఏ తప్పూ చెయ్యని మనిషి కూతురివి, నీకు సిగ్గెందుకే? రేపు నేనూ నీ పక్కన నిలబడతాను. తలెత్తుకుని చెబుదాం. మీ నాన్నే కదా, చెప్పు?”

భుజం మీద ఆ చెయ్యి వెచ్చగా ఉంది. తల ఊపితే చాలు, గండం గట్టెక్కుతుంది. పైగా క్లాసంతా అయ్యో పాపం అంటుంది. అదెంత సులువో ముంగికి తెలుసు.

మెడ కదలకుండా బిగబట్టి, నోరు తెరిచింది.

“ఆ పిల్ల నేనే.”