ఎత్తుకెళ్లిన బాకా

పొద్దున ఐదింటికి బాకా మోగితే లేచి కవాతు చేసే కాలేజీ మాది. ఎదురు కాలేజీ వాళ్లు మమ్మల్ని కీ ఇస్తే నడిచే బొమ్మలంటారు. నిన్న సాయంత్రం ఆ బాకా కాస్తా ఎత్తుకెళ్లారు.

ఇవాళ ఐదింటికి, రోజూ బాకా ఊదే నేను, అరచేతులు నోటికి ఆనించి అదే పాట గొంతు చించుకుని అరిచాను. మూడు వందల గొంతులు అందుకున్నాయి. ఐదు నిమిషాల్లో మైదానంలో ఉన్నాం.

ప్రహరీ మీద ఎదురు కాలేజీ వాళ్లు ముప్పైమంది, ఆవలింతలు ఆపుకుంటూ. మా మొద్దునిద్ర చూసి నవ్వుదామని వచ్చారు పాపం. వాళ్ల లీడరు ముఖం మాడ్చుకుని బాకా ఇవ్వబోయాడు.

"ఇదిగో, మీ పీపీ మీరే ఊదుకోండి!"

"నీ దగ్గరే ఉంచు నాయనా," అన్నాను. "అది లేకపోయినా మేం లేచాం. మీ చేతికొచ్చిన మొదటిరోజే మీరు నాలుగున్నరకి లేచి, వరుసలో కూర్చున్నారు!"