కళ్లు మూసుకున్న ప్రేక్షకుడు

సినిమా మొదలైందో లేదో ఆ పెద్దమనిషి కళ్లు మూసుకున్నాడు.

టార్చిలైటుతో సీట్లు చూపిస్తున్న ఒరియెట్టా, పాపం నిద్రేమో అనుకుంది.

టెస్టాచ్చో పేటలో అది చవక హాలు. రోమ్‌లోని పెద్ద హాళ్లన్నీ తిరిగి, గీతలు పడ్డాకే ఏ బొమ్మయినా అక్కడికొచ్చేది. అప్పుడు ఆడుతున్నది దయ్యాల సినిమా. చచ్చిపోయిన భార్యను మరవలేక, పాడుబడ్డ కోటలో ఆమెను వెతుక్కునే ఓ దొర కథ. తెల్లగౌనులో ఆమె కనబడితే చాలు, హాలంతా గుమ్మడి గింజలు నమలడం ఆపేసేది.

మర్నాడు మాట్నీకి ఆయన మళ్లీ వచ్చాడు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

"ఏవండీ, అంత భయమైతే రావడం దేనికి?" అంది ఒరియెట్టా నవ్వుతూ.

"భయం కాదమ్మా. కాస్త సౌండు పెంచమని చెబుతావా?"

ఒరియెట్టా తెల్లమొహం వేసింది. చూడని బొమ్మకు సౌండు దేనికి?

"మోజే పిల్లా!" అన్నాడు పైన ఆపరేటరు నాందో. "ఆ ఇంగ్లిషు హీరోయిన్ని చూసి ఊళ్లో సగంమందికి పిచ్చెక్కింది."

"చూస్తేగా మోజు! ఆయన కళ్లే తెరవడు."

"అయితే తిక్క."

తెరమీద ఆ భార్య దయ్యం గోడలో కలిసిపోగానే ఆయన లేచి వెళ్లిపోయేవాడు. చివర్లో కోట తగలబడటం ఒక్కరోజూ చూడలేదు. ఒరియెట్టాకు ఆ మనిషి బొత్తిగా అంతుపట్టలేదు.

తర్వాత ఆయన మాట్లాడటం కూడా మొదలెట్టాడు.

"చలేస్తోంది, ఇంకా రావేం?" అని తెరమీద ఆమె పిలిచేది.

"వస్తున్నా," అనేవాడు ఈయన చీకట్లో.

"ఓ తాతా! పిలిచేది నిన్ను కాదు, ఆ దొరని!" అని ఎవడో అరిచేవాడు. హాలంతా గొల్లున నవ్వేది.

ఆఖరిరోజు ఆదివారం. హాలు కిటకిటలాడుతోంది. ఆమె పిలవగానే ఆయన ఏకంగా లేచి నిలబడ్డాడు. ఈలలు, తిట్లు, గింజల పొట్టు ఆయనమీద కురిశాయి.

ఒరియెట్టా ఆయన రెక్క పట్టుకుని బయటికి నడిపించింది.

"ఈ ఒక్క సీను అవనీ అమ్మా. రేపట్నించి ఈ బొమ్మ ఉండదుగా."

"మీ పిచ్చేదో మీ ఇంట్లో పెట్టుకోండి!"

"ఇంట్లో ఏ చప్పుడూ లేదమ్మా."

ఆమె తలుపు వేసేసింది. అద్దంలోంచి చూస్తే, ఆయన తలుపుకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. ఆమెకు మనసు చివుక్కుమంది. అయినా తలుపు తీయలేదు.

సోమవారం రీళ్లు వెళ్లిపోయాయి. కౌబాయ్ సినిమా వచ్చింది. ఆయన రాలేదు.

కొన్నాళ్లకు కూరల సంచీతో ఒకావిడ వచ్చింది.

"ఆ దయ్యాల సినిమా ఏ ఊరు వెళ్లింది అమ్మాయీ? మా అన్నయ్య అన్నం ముట్టడం లేదు. ఎక్కడ ఆడుతుంటే అక్కడికి తీసుకెళ్తాను."

ఒరియెట్టాకు ఎవరో అర్థమైంది. పైకి చూసి నాందోని కేకేసి అడిగింది.

"ఆ కాపీనా? మిగిలింది అదొక్కటే, అదీ అరిగి ముక్కలైంది. తుక్కులో పడేశారు," అన్నాడతను.

ఆవిడ గోడకు చేరగిలబడింది.

ఒరియెట్టా కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. మంచిమాటలు చెప్పాలనుకుంది.

"ఈ వయసులో ఆ ఇంగ్లిషు పిల్ల మీద ఇంత పిచ్చేమిటమ్మా? ఆ పిల్ల లండన్లో హాయిగా ఉంది. మీరైనా చెప్పకూడదూ?"

ఆవిడ అయోమయంగా చూసింది.

"ఏ పిల్ల? దాని మొహం ఎలా ఉంటుందో కూడా మా అన్నయ్యకు తెలీదు. మన భాషలో ఒక్క ముక్క రాని ఆ పిల్లకు సినిమా అంతా గొంతిచ్చింది, పోయిన చలికాలం చచ్చిపోయిన మా వదిన."