ఒంటి రంగు

అత్తాకోడళ్లు షాపులో అడుగుపెట్టేటప్పటికే పోట్లాడుకుంటున్నారు.

గుడ్డల మీద వేడితో బొమ్మలు అచ్చొత్తే హీట్ ప్రెస్ కొనడానికి వచ్చారు. కోడలికి సొరుగులా ముందుకు లాగేది కావాలి. అత్తకి పై పలక పక్కకి తిరిగేది కావాలి. కుట్టుపని చేసే ఇంట్లో అంత చోటెక్కడిదని కోడలు. సగం గది నీ బీరువాకే పోయింది, చోటు సంగతి నువ్వెత్తకని అత్త.

షాపాయన కుర్చీలోంచి లేచాడు. కొన్నాళ్లుగా బోణీ సరిగ్గా లేదు. మెషిన్లు నడిపి చూపించే మనిషి రావడం మానేసింది. ఇప్పుడు అన్నీ తనే చేసి చూపించాలి. అయినా మనసులో సంతోషించాడు. ఏది కొనాలని పోట్లాడుకుంటున్నారంటే కొనడం ఖాయమన్నమాట.

ముందు తలుపు పక్కనున్న మెషిన్ చూపించాడు. మొసలి నోరులా పైకి తెరుచుకునే రకం. షాపులో అన్నిటికన్నా చవక. పై పలక జారిపడకుండా సందులో చెక్కముక్క పెట్టి ఉంది.

"స్ప్రింగు కాస్త వదులు. చెక్క పెడితే నిలబడుతుంది. అందుకే తగ్గించి ఇస్తాను," అన్నాడు.

"దాని దగ్గరికి నేను రాను," అంది అత్త.

"చవకే కదమ్మా."

"ఊరికే ఇచ్చినా రాను."

కోడలు సంచి విప్పింది. తెల్ల పాలిస్టర్ గుడ్డలు, అచ్చు వేయించిన సబ్లిమేషన్ కాగితాలు బయటికి తీసింది. మెషిన్ సంగతి తన గుడ్డ మీద, తన కాగితంతోనే చూస్తానంది. షాపాయన సరేనన్నాడు. సరుకు వాళ్లది, కరెంటే తనది.

ఈ కాగితం మీద రంగులు వెలిసినట్టు ఉంటాయి. వేడికి సిరా ఆవిరై గుడ్డలోకి దిగాకే అసలు రంగు తెలుస్తుంది. షాపాయన పక్కకి తిరిగే మెషిన్ వేడెక్కించి, గుడ్డ పరిచి, కాగితం బోర్లా వేసి, పలక దించాడు. గంట మోగాక ఎత్తాడు. గుడ్డంతా గోధుమ రంగు. అడ్డంగా ఒక ముదురు గీత.

"ఏం బొమ్మమ్మా ఇది?"

"బొమ్మ కాదు. ఒంటి రంగు," అంది కోడలు. "జనం దిండు గలీబుల మీద మొహాలు వేయించుకుంటారు. ఒంటి రంగు తేడా వస్తే తెచ్చి నా మొహాన కొడతారు."

అది నిజమే. ఈ పనిలో ఒంటి రంగు తెప్పించడమే కష్టం. షాపాయనకి ఆమె మీద కాస్త గౌరవం కలిగింది.

అంచు పాలిపోయిందని కోడలు పేచీ పెట్టింది. అతనికి ఏమీ కనబడలేదు. సొరుగు మెషిన్ మీద ఇంకో గుడ్డ వేశాడు. అది బాగా రాలేదంది అత్త. మళ్లీ మొదటి మెషిన్. ఒకామె ఔనంటే రెండో ఆమె కాదంటోంది. అచ్చయిన ప్రతి గుడ్డ వెనకా కోడలు సుద్దతో ఏదో గుర్తు పెట్టుకుంటోంది. ఏది ఏ మెషిన్‌దో మరిచిపోకుండా కాబోలు అనుకున్నాడు. చొక్కా వీపుకి అంటుకుంది. ఓపిక అయిపోయింది.

"ఇదేమన్నా రచ్చబండా? ఇంట్లో తేల్చుకుని రావాల్సింది."

"మీకు చేతకాకపోతే చేతనైన మనిషిని పిలవండి," అంది అత్త.

"ఉండేది ఒకతె. చెయ్యి కాల్చుకుని ఇంట్లో కూర్చుంది."

"ఎలా కాలింది?"

"ఎలా ఏముంది? పలక కింద చెయ్యి పెట్టి దిక్కులు చూస్తే కాలదా? మెషిన్‌కేం తెలుసు? కళ్లు నెత్తికెక్కినవాళ్లకి ఎవరం ఏం చెప్తాం."

అత్త నోరు తెరిచింది. కోడలు ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఇంకో గుడ్డ వెయ్యి," అంది అత్త.

అండీ పోయి నువ్వు అయిందని షాపాయన గమనించాడు. బేరం పోతుందని మింగేశాడు. వేశాడు. ఈసారి గుడ్డ నిండా ఎరుపు, మధ్యలో తెల్లటి మచ్చ.

"చూశారా, ఎరుపు మీరిపోయింది. తప్పు మీ కాగితానిది, నా మెషిన్‌ది కాదు."

"ఎరుపు సరిగ్గానే వచ్చింది," అంది కోడలు.

ఆఖరి కాగితం కూడా అయిపోయింది. ఇంతకీ ఏది కావాలని అడిగాడు. తలుపు దగ్గరది తప్ప అన్నీ బాగానే ఉన్నాయంది కోడలు. ఎదురుగా కూర్చుని తేల్చుకుంటామంది. ఇద్దరూ వీధి దాటి, మూసి ఉన్న షాపు మెట్ల మీద కూర్చున్నారు. ఇప్పుడు పోట్లాట లేదు. అత్త సూదీ దారం తీసింది. కుట్టుపని వాళ్ల చేతులు ఊరుకోవు కదా అనుకున్నాడు షాపాయన.

చాలాసేపటికి ఒక జంట వచ్చింది. చవకలో హీట్ ప్రెస్ కావాలన్నారు. షాపాయన మొహం వికసించింది. తలుపు పక్క మెషిన్ దగ్గరికి తీసుకెళ్లాడు. స్ప్రింగు మాట ఎత్తలేదు. చెక్కముక్క తీసి జేబులో వేసుకుని, పై పలకని ఒక చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

"గుడ్డ పరిచి చూడండమ్మా," అన్నాడు.

వచ్చినామె కింది పలక మీదికి చెయ్యి చాపి, ఆగిపోయింది. ఆమె వీధి అవతలికి చూస్తోంది. షాపాయన కూడా తల తిప్పాడు.

ఎదుటి షట్టర్ మీద గుడ్డలన్నీ కలిపి కుట్టిన మనిషెత్తు చెయ్యి ఒకటి వేలాడుతోంది: వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయిన, మొన్నటిదాకా ఈ తలుపు పక్క మెషిన్ నడిపిన, ఆ అత్త కూతురి చెయ్యి.